అత్తయ్య అడగని చానెల్

మా వీధిలో కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుల్ తీగలన్నీ ఒక ఉదయం కరెంటు ఆఫీసు వాళ్ళు కత్తిరించి పడేశారు. కేబుల్ మనిషి రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు తిప్పాడు. నాకు ఓపిక తక్కువ. ఇక డిష్ పెట్టించేద్దాం అన్నాను. మా ఇంట్లో నేను అన్నానంటే అయిపోయినట్టేనని మా ఆయన చుట్టాల దగ్గర చెప్పుకుంటారు. అది పొగడ్తో కాదో నేను ఇంతవరకూ తేల్చుకోలేదు.

ఈ రోజుల్లో డిష్ పెట్టించుకోవడమంటే చానెళ్ళు ఒక్కొక్కటే ఏరుకోవడం. నేను ఆఫీసులో ఫైళ్ళు చూసే మనిషిని, ఏరడంలో నా తర్వాతే ఎవరైనా. కాగితం మీద గళ్ళు గీసి, ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక గడి కేటాయించాను. మా ఆయనకు క్రికెట్. డిగ్రీ చదివే మా అమ్మాయికి ఇంగ్లీషు సినిమాలు, అవి కూడా హెచ్‌డీలోనే చూడాలట, దాంతో బాక్సు కూడా హెచ్‌డీదే తీసుకోవలసి వచ్చింది. నాకు వార్తలు, పాత పాటలు. పక్క రాష్ట్రాల భాషల చానెళ్ళన్నిటినీ అడ్డంగా కొట్టేశాను. కేబుల్లో అవి ఊరికే వచ్చి పడుతుండేవి, చూసేవాళ్ళెవరు అనుకున్నాను.

చూసేవాళ్ళు ఉన్నారు. మా అత్తయ్య బళ్ళారిలో పుట్టి పెరిగారు. వాళ్ళ అమ్మగారిది కన్నడం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడిన ఈ ఇంటికి కోడలై వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఆవిడ తెలుగు వింటే ఎవరూ అనుమానించరు. కానీ మేమంతా బయటికి వెళ్ళాక, రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ ఒక కన్నడ సీరియల్ పెట్టుకుని కూర్చునేవారు. ఆ సంగతి తెలియని నా కలం ఆ చానెల్ని కూడా కొట్టేసింది.

డిష్ బిగించడానికి నల్లకుంట నుంచి ఒకతను వచ్చాడు. పిట్టగోడ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "అక్కా, గీ హాస్టలోళ్ళు ఇంకో అంతస్తు లేపిన్రు. ఈడ పెడితే సిగ్నల్ దొరకదు. మెట్ల గది మీద పెడ్త" అన్నాడు. అశోక్‌నగర్ వైపు పరీక్షలకు చదువుకునే పిల్లలు పెరిగే కొద్దీ మాకు కనిపించే ఆకాశం తగ్గుతోంది. అతను పైకెక్కి బిగించి, కిందికి దిగి, నా కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివాడు.

"పెద్దమ్మకు ఏం రాయలే. పొద్దంత ఇంట్ల ఉండేది ఆమెనే గద" అన్నాడు.

నిజమే కదా అని అత్తయ్యను అడిగాను. "నాకేం వద్దమ్మా, మీరేది పెట్టుకుంటే అదే చూస్తాను" అన్నారు. జర యాది చేసుకుని చెప్పమని అతను మళ్ళీ అడగబోయాడు. నాకు ఆఫీసు టైమవుతోంది. ఆవిడ చెప్పారు కదా అని ఆ కాగితంతోనే అతన్ని పంపేశాను.

ఇక్కడ మా ఇంటి వడ్డన గురించి చెప్పాలి. భోజనానికి వచ్చినవాళ్ళు మొదటిసారి వద్దంటే అది మొహమాటం. రెండోసారి వద్దంటే మర్యాద. మూడోసారి విస్తరికి చెయ్యి అడ్డం పెడితేనే నిజంగా వద్దని. ఈ లెక్క నాకు నేర్పింది అత్తయ్యే. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో పెద్దాయన వద్దన్నారని నేను పప్పు గిన్నె వెనక్కి తెచ్చేసినందుకు, వంటింట్లో నాకు మెత్తగా చివాట్లు పడ్డాయి. అలాంటి మనిషిని ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు, నానమ్మ రోజూ మూడింటికి గుడికి వెళుతోందని మా అమ్మాయి చెప్పింది. మంచిదే, కాళ్ళు ఆడతాయి అనుకున్నాను. మధ్యాహ్నం పూట గుడి తలుపులు మూసి ఉంటాయని చిక్కడపల్లిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా తట్టలేదు.

ఒక రోజు సెలవు పెట్టి, కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకుందామని నారాయణగూడ వెళ్ళాను. దారిలో ఉన్న ఉడిపి హోటల్లో, గోడ టీవీ కింద బల్ల దగ్గర అత్తయ్య కనిపించారు. ఇంట్లో వంట ఉండగా బయట కాఫీ తాగడమేమిటని మమ్మల్ని కోప్పడే మనిషి ఆవిడ. ముందున్న కాఫీ గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది. టీవీలో కన్నడ సీరియల్ నడుస్తోంది. ఆవిడ గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయనతో గట్టిగా, చేతులు తిప్పుతూ కన్నడంలో మాట్లాడుతున్నారు. ఆయన ఏదో అంటే పగలబడి నవ్వారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆవిడ నవ్వడం, నేను ఈ ఇంటికి వచ్చాక చూడనే లేదు.

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, సగం నామీద, సగం ఆవిడ మీద. నోరు తెరిచి చెబితే ఏం పోయింది? ఈ వయసులో ఆ ఎండలో, ఆ బండ్ల మధ్య రోడ్డు దాటి రావాలా? లోపలికి వెళ్ళే ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను. ఆ సాయంత్రమే ఫోన్లో ఆ చానెల్ కలిపించాను. రెండు నిమిషాల పని. మర్నాడు అత్తయ్య చూసి, "ఎందుకమ్మా దండగ" అంటూనే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నేను మనసులో ఫైలు మూసేశాను.

వారం తర్వాత మా అమ్మాయి మళ్ళీ చెప్పింది, నానమ్మ గుడి మానలేదని.

ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు అత్తయ్యకు మజ్జిగ పోస్తూ, ఆవిడను హోటల్లో చూశానని చెప్పేశాను. ఇంట్లో చానెల్ వస్తోంది కదా, ఇంకేమైనా కావాలా అని అడిగాను. ఏమీ వద్దన్నారు. మళ్ళీ అడిగాను. కంచంలోకి చూస్తూ వద్దన్నారు. మూడోసారి అడిగాను. ఈసారి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"టీవీ మాట్లాడుతుందమ్మా. నాకూ మాట్లాడాలని ఉంటుంది. రోజూ ఫోన్ చేసే మా చెల్లెలు పోయాక ఆ ఫోనూ లేదు. నాతో ఆ భాష మాట్లాడేది ఇప్పుడు ఆ హోటలాయన ఒక్కడే" అన్నారు.

మా ఆయన అన్నం కలపడం ఆపేశారు. ఆయనకు వాళ్ళమ్మ భాషలో పది మాటలు కూడా రావు. నా కాగితం మీద దీనికి గడి లేదు. ఆ హోటలాయన మిమ్మల్ని చూడగానే మొదట ఏమంటాడని అడిగాను.

"'ఊట ఆయ్తా' అంటాడు. భోజనం అయిందా అని."

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరున్నర. గుమ్మంలో నిలబడే "అత్తయ్యా, ఊట ఆయ్తా?" అన్నాను. ఆ వేళకు అడగాల్సిన మాట కాదది. పలికిన తీరు కూడా అంతంతమాత్రమే. అత్తయ్య నా వైపు చూసి నవ్వారు. కొంగు వెతుక్కోలేదు. తర్వాత కన్నడంలో మొదలుపెట్టి గడగడా చాలాసేపు ఏదో చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చివరిదాకా విన్నాను.