చిట్టెమ్మ వారశూలలు

ఎనభై రెండులో, దేశమంతా చూసి రమ్మని పోర్టువాళ్లు సెలవిస్తే, క్రేను నడిపే గవర్రాజు రైల్వే టైంటేబుల్ ముందేసుకుని ఇరవై రోజులు కుస్తీ పట్టాడు. కాశీ, ఢిల్లీ, బదరీ కొండలు, ఆ కొండల కింద పల్లెలు, అన్నీ చూడాలని అతని ఆశ.

ఏ మజిలీ చెప్పినా తల్లి చిట్టెమ్మ వారశూల అడ్డేసేది. "మంగళారం ఉత్తరానికి ఎల్తావేట్రా? గురువారం దచ్చినం కూడదు."

రైల్వేవాళ్లకు శూలలూ గీలలూ లేవు కాబోలు, బళ్లన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఉండి చచ్చేవి. రాసిందల్లా కొట్టేసి కొట్టేసి గవర్రాజు నోటుబుక్కు అయిపోయింది.

చివరికి ఏ శూలా తగలని దారొకటి కుదిరింది. రిజర్వేషన్ ఫారం నింపుతూ, "అమ్మా, నీ వయసెంతని రాయమంటావ్?" అని అడిగాడు.

"నా వయసెందుకురా? నాను రాను. రైలెక్కితే నాకు కడుపులో తిప్పుతాది."