అందరూ ఎక్కినారా?

సేమ్యా పాయసాన్ని ఒకసారి వేడి చేస్తే ఏమీ కాదు, రెండోసారికి పాలు ఇగిరిపోయి ముద్దకడుతుంది, మూడోసారికి మాత్రం గిన్నె అడుగంటి, ఏలకుల వాసనను మింగేసే ఒక మాడు వాసన వంటగదిలోంచి బయలుదేరి హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఈరోజు సౌదీలో, రాబిగ్‌లోని మా ఇంట్లో ఉన్నది ఆ మూడోసారి వాసనే. ఉనైజా నుంచి మా అమ్మానాన్నలు మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తామన్నారు. సాయంత్రపు అసర్ బాంగు వినబడి కూడా చాలాసేపయింది, ఇంకా రాలేదు. నాన్న రిటైరయ్యాడు, ఇకామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, అయిపోయేలోపు ఊరికి వెళ్ళిపోవాలి. ఆ లోపల మనవళ్ళతో ఒక వారం గడపాలని, సినిమావాళ్ళకుండేలాంటి కారవాన్ ఒకటి అద్దెకు తీసుకుని, మంచం, పొయ్యి, ఫ్రిజ్జు అన్నీ అందులోనే ఉన్నాయని మురిసిపోతూ బయలుదేరాడు. విమానంలో రండి మహాప్రభో అంటే వినలేదు. ఉన్నదే వారం, అందులో ఒక పూట అప్పుడే దారిలో పోయింది, నా పిల్లలిద్దరూ కిటికీ దగ్గర నిలబడి నిలబడి విసిగిపోయారు.

కోపం రావలసింది నాన్న మీద. వచ్చింది మాత్రం మా అబ్బ మీద.

అబ్బ అంటే నాన్న వాళ్ళ నాన్న. మేం రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన నూర్‌బాషా వాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నానమ్మను జేజి అంటాం. అబ్బ ఇదే రాబిగ్‌లో వయసంతా కూలీల బస్సు నడిపాడు. తెల్లవారకముందే క్యాంపు ముందు నిద్రమొహాలతో ఎక్కేవాళ్ళను రిఫైనరీ గేటు దగ్గర దింపడం, పొద్దుగూకాక మసిమొహాలతో వచ్చేవాళ్ళను తిరిగి క్యాంపుకు చేర్చడం, ఇదే ఆయన పని. బస్సెక్కినవాడు దిగేదాకా వాడి పూచీ తనదేనని ఆయన నమ్మకం. ఎవడో బాత్రూములో ఉండిపోయినా, ఎవడో ఫోర్‌మన్‌తో గొడవ పెట్టుకున్నా, మిగతావాళ్ళంతా ఆ రేకుల వేడిలో ఉడికిపోతూ, తిట్టుకుంటూ కూర్చోవలసిందే తప్ప బస్సు కదిలేది కాదట. ఆయన రిటైరయ్యాక, కఫీల్, అంటే ఆయన్ను ఇక్కడికి రప్పించి పూచీపడ్డ అరబ్బు యజమాని, మంచి ముసలాయన కాబట్టి, ఇకామా తన పేరు మీదే ఉంచి పాత కోస్టర్ బస్సొకటి వాడుకోమని వదిలేశాడు. అబ్బ వెనక సీట్లు పీకించి మంచం వేయించాడు, జేజి పాత చీరలు చింపి కిటికీలకు పరదాలు కట్టింది, ఒక మూల గ్యాసు పొయ్యి, ఇంకో మూల నీళ్ళ డ్రమ్ము వచ్చి చేరాయి. ముందు సీట్లు ఆరు మాత్రం అబ్బ పీకనివ్వలేదు. మా కొంప ముంచినవి ఆ ఆరు సీట్లే.

మేం అప్పుడు ఉనైజాలో ఉండేవాళ్ళం. నాన్న ఖర్జూరం తోటల్లో నీటి పంపులు, మోటార్లు చూసేవాడు. ఎండాకాలం చివర కోతలు మొదలైతే ఊరు ఊరంతా తీపి వాసన కొట్టేది. తెల్లవారుజామున బజారులో వరసగా నిలబెట్టిన పికప్‌ల మధ్య నాన్న చెయ్యి పట్టుకుని నడిస్తే, ప్రతి బండివాడూ తన పండే గొప్పదని నా నోట్లో ఒకటి పెట్టేవాడు, ఇంటికి వచ్చేసరికి నోరూ చేతులూ గౌను అంచులూ అన్నీ జిగటే. ఇసుకగాలి లేచిన రోజున అమ్మ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కేది, నేనూ తమ్ముడూ హాల్లో సుద్దతో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, అయినా రాత్రి అన్నంలో ఎక్కడో ఒక ఇసుక రేణువు కరకరమనేది. చలికాలం ఎముకలు కొరికేది. ఇవన్నీ సరేగానీ, మేం ఏడాదంతా ఎదురుచూసేది రంజాన్ నెల ఆఖరు కోసం, అబ్బా జేజీ బస్సులో వచ్చేది అప్పుడే కాబట్టి. ఆ బస్సు తలుపు తీస్తే ముందు వేడి రెక్సిన్ వాసన, దాని వెనక కడ్డీకి దండలుగా వేలాడే ఎండుమాంసం, ఉప్పుకండ వాసన, ఆ తర్వాత రాగిపిండి, ఊరిబిండి, బెల్లానికి బదులు ఖర్జూరం పెట్టి జేజి చేసిన ఓళిగల వాసన, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చేవి. కాకపోతే ఏ ఒక్క ఏడూ వాళ్ళు పండగనాటికి వచ్చిన పాపాన పోలేదు. పండగ అయిపోయి, కొత్తబట్టలు మాసిపోయి, మేం ఏడ్చి ఊరుకున్నాక వచ్చేవాళ్ళు.

రాబిగ్ నుంచి మదీనా మీదుగా ఉనైజాకు ఎవరికైనా ఒక రోజు ప్రయాణం. అబ్బకు మూడు రోజులు. ఖాళీ సీట్లు వెనక పెట్టుకుని బండి నడపడం ఆయనకు చేతకాదు. రోడ్డు పక్కన ఎవరు చెయ్యెత్తినా ఆపేవాడు, చెయ్యెత్తకుండా ఊరికే నిలబడ్డవాళ్ళను కూడా అడిగి మరీ ఎక్కించుకునేవాడు. ఎక్కించుకున్నవాణ్ణి రోడ్డు మీద దింపితే ఏం పోయింది? దింపడు. వాడి గది తలుపు దాకా తీసుకుపోవాలి, అక్కడ వాడిచ్చే టీ తాగాలి, వాడి గదిలోవాళ్ళందరి ఊళ్ళూ పేర్లూ కనుక్కోవాలి. మళ్ళీ బయలుదేరే ముందు అద్దంలోకి చూసి, "అందరూ ఎక్కినారా?" అని గట్టిగా అడగాలి. బస్సులో జేజి తప్ప ఇంకెవరూ లేకపోయినా అడిగేవాడు.

"ఉండేది నేనొక్కదాన్నే. ఎక్కి శానాసేపయింది. ఇంగ పోనీ," అనేది జేజి.

నాన్న ఒక మొబైల్ ఫోన్ కొనిచ్చాడు. చార్జింగు అయిపోతుందని అబ్బ దాన్ని ఆపేసి, చొక్కా జేబులో తాయెత్తులా భద్రంగా దాచుకుని తిరిగేవాడు. నాన్న ఇక్కణ్ణించి ఫోన్ చేసి చేసి, చివరికి రిసీవర్ను నేలకేసి కొట్టబోతే అమ్మ లాక్కునేది.

నాకు పదేళ్ళప్పుడు అబ్బ కఫీల్ చనిపోయాడు. కొడుకులు మర్యాదగానే చెప్పారు, ఇకామా ఇక పొడిగించలేమని, ఖురూజ్ మీద వెళ్ళిపొమ్మని. ఖురూజ్ అంటే మళ్ళీ రావడం లేని పోక. పండగైన వారంలోపు అబ్బా జేజీ విమానం ఎక్కాలి. అందుకని ఈసారి మాత్రం పండగ ముందురోజుకే వచ్చేస్తానని, మూడు రోజులు కదలకుండా మాతో ఉంటానని అబ్బ నాన్నకు మాటిచ్చాడు. పండగ నమాజుకు తమ్ముడు అబ్బ భుజమెక్కి పోవాలనీ, నేను వేలు పట్టుకుని పోవాలనీ మేం పోట్లాడుకుని మరీ తేల్చుకున్నాం.

నెలవంక కనిపించిన సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. పరుగెత్తుకెళ్ళి తీస్తే అబ్బ కాదు, రాజన్న. జగిత్యాల వైపు మనిషి, ఉనైజా తోటల్లో చెట్లెక్కి ఖర్జూరం గెలలు కోసేవాడు, నాన్నకు బాగా తెలిసినవాడు. రాబిగ్‌లో ఉన్న తన తమ్ముణ్ణి చూసి తిరిగి వస్తున్నాడు.

"పెద్దాయిన ఎన్కనే వస్తుండు అన్నా. ముంగట పోయి మీకు జెప్పుదామని నేను ఉరికొచ్చిన," అన్నాడు నవ్వుతూ.

అతను వచ్చింది అబ్బ బస్సులోనేనట. దారిలో ఒక మహత్తా దగ్గర ఆగారట. పెట్రోలు బంకును ఇక్కడ మేమందరం మహత్తా అనే అంటాం. దాని వెనక మేకల షెడ్డులో పనిచేసే తన ఊరివాణ్ణి పలకరించడానికి రాజన్న పోతే, ఆ ఊరివాడే యజమాని పికప్ తోలుకుని అప్పుడే ఉనైజాకు బయలుదేరుతున్నాడట. ముసలాయన బండి ఎలాగూ నెమ్మదిగా వస్తుంది, ముందుగా పోయి కబురు చెబితే ఇంటివాళ్ళు సంతోషిస్తారు కదా అని ఎక్కేశాడట. మేమూ సంతోషించాం. అమ్మ పాయసం పెడితే రాజన్న మెచ్చుకుంటూ రెండు గిన్నెలు తిని తన గదికి పోయాడు. అమ్మ మిగిలిన పాయసం వేడి చేసింది. మళ్ళీ వేడి చేసింది. మేం బూట్లతోనే నిద్రపోయాం.

పొద్దున పండగ నమాజు అయిపోయింది, బస్సు జాడ లేదు. నాన్నకు అప్పుడు అనుమానం వచ్చి, మమ్మల్ని కారులో వేసుకుని తిన్నగా రాజన్న గదికి పోయాడు.

"నువ్వు దిగిపోయినట్టు మా నాయనకు చెప్పినావా?"

"పంపు కాడి పోరనికి జెప్పిన అన్నా. జెప్తడులే."

నాన్న రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. "సచ్చినాం పో! ఆయప్ప ఆడే నిలబడుకోనుంటాడు." రాజన్న చొక్కా గుండీలు పెట్టుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా కారులోకి తోశాడు.

ఎండలో చాలా దూరం పోయాక ఆ మహత్తా వచ్చింది. గోడ నీడలో బస్సు, బస్సు మెట్టు మీద అట్టముక్కతో విసురుకుంటూ జేజి. నాన్నను చూడగానే అందుకుంది. "వచ్చినావా నాయనా! మీ నాయన్ను ఈడ్నించి పీక్కోనిపో. రాతిరి నించి ఆ మేకల షెడ్డు సుట్టూ తిరుగుతాండాడు. పండగ నమాజు గూడా పంపు కాడనే. రాతిరి ఉండిన పంపు పిల్లోన్నన్నా అడుగుదామంటే డ్యూటీ మారి యాడికి పోయినాడో!" షెడ్డు వైపు నుంచి అబ్బ వస్తున్నాడు, మోకాళ్ళ దాకా దుమ్ము, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పండక్కి కొత్తబట్టలేసుకుని ముందు నిలబడ్డ నన్నూ తమ్ముణ్ణీ ఆయన చూడలేదు. ముందు రాజన్నను చూశాడు. చూసి, పంపు పక్కన ఉన్న దిమ్మె మీద కూలబడ్డాడు.

నాన్న విరుచుకుపడ్డాడు. "నీకేమన్నా బుద్ధుందా నాయనా? వీడు మా ఇంట్లో పాయసం తిని పండుకున్నాడు, నువ్వు ఈడ ఎడారిలో కాపలా! ఉండేదే మూడు దినాలు. పిల్లోల్లు నీకోసరం రాతిరంతా సూసినారు, తెలుసునా?"

"ఎక్కిచ్చుకున్నోన్ని ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది రా?" అన్నాడు అబ్బ.

రాజన్న తల దించుకుని నిలబడ్డాడు. అబ్బ లేచి, అతన్ని పల్లెత్తు మాట అనకుండా, "ఎక్కు నాయనా," అన్నాడు. ఇంత చేసినవాణ్ణి మళ్ళీ బస్సెక్కించి గది దాకా దింపాలట! నేనూ తమ్ముడూ కూడా నాన్న పిలుస్తున్నా వినకుండా బస్సులోకి దూరాం. అబ్బ అద్దంలోకి చూసి అడిగాడు. మేం గొంతులు చించుకుని ఎక్కినామని అరిచాం. జేజి ఓళిగలు తింటూ, పరదాల్లోంచి పడే రంగురంగుల ఎండలో కూర్చుని, నత్తనడకన నడిచే ఆ బస్సులో నేను పొందిన ఆనందం మళ్ళీ ఏ పండక్కీ పొందలేదు. వెనక కారులో నాన్న దారి పొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు.

మా ఇల్లు దారిలోనే ఉన్నా ముందు రాజన్నను దింపాకే అబ్బ మా ఇంటికి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఎన్ని చోట్ల ఆగుతాడో, విమానం ఎక్కడ తప్పిపోతుందో అనే భయంతో నాన్న మర్నాడు మధ్యాహ్నమే వాళ్ళను పంపేశాడు. మూడు రోజులనుకున్నది ఒక రాత్రి అయింది. ఆ తర్వాత అబ్బను నేను చూడలేదు, మేం ఊరికి పోయేలోపే పల్లెలో పోయాడు. నాకు రావలసిన రోజులు ఒక మేకల షెడ్డు దగ్గర పోయాయని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాన్నకు నాకంటే ఎక్కువ మండింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, దారిలో ఎవరైనా చెయ్యెత్తితే కారు వేగం పెంచేవాడు.

ఇప్పుడు చెయ్యెత్తేవాళ్ళే కనిపించరు. ఎవరికి బండి కావాలన్నా ఫోన్‌లోనే పిలుచుకుంటున్నారు. ఆ మహత్తా చోట కాఫీ దుకాణాలూ అద్దాల మేడా లేచాయి, మేకల షెడ్డు పార్కింగ్ అయింది. కోస్టర్ ఏ తుక్కులో కలిసిందో తెలియదు. జేజి పోయాక ఖర్జూరం ఓళిగలు ఎవరికీ కుదరలేదు. రాగి సంగటిని నా పిల్లలు చాక్లెట్ ముద్ద అంటారు, అదీ తినరు.

ఓపిక నశించి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న ఫోన్ ఆపేసి ఉంది.

"యాడుండారుమా?"

"మదీనా దాటి శానాసేపయింది. మహత్తా కాడ నిలబడుకోనుండాం," అంది అమ్మ ఏడుపుగొంతుతో. "మీ నాయన ఎవర్నో ఎక్కిచ్చుకున్నాడు. రాబిగ్‌కంట, బస్సు తప్పిపోయిందంట. ఈడ టీ తాగొస్తానని దిగినోడు, ఎంతసేపాయెనో, రాల్యా. ఇంగో బండెక్కి పోయింటాడంటే ఇంటాడా ఈయప్ప!"

ఫోన్ నాన్నకివ్వమన్నాను. నోటికొచ్చినట్టు అరిచాను. ఉన్నదే వారమని, పిల్లలు మధ్యాహ్నం నుంచి కిటికీకి అతుక్కుపోయారని, కారవాన్ అంతా మంచాలే కదా, కూర్చోబెట్టుకోవడానికి సీటెక్కడ దొరికిందని అడిగాను. నాన్న అంతా విన్నాడు.

"ఎక్కిచ్చుకున్నోన్ని ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది పాపా?" అన్నాడు.

పొయ్యి ఆపేశాను. మాడిన అడుగు కదలకుండా పైపైన పాయసాన్ని డబ్బాలోకి తీసి మూత బిగించి, చెప్పులేసుకోండని పిల్లలను కేకేశాను. ఎక్కడికని అడిగితే తాత దగ్గరికన్నాను. తాత ఎందుకు రావడం లేదని అడిగితే, ఎవరో దిగి తిరిగి రాలేదట, అతని కోసం ఆగాడని చెప్పాను.

"ఆయన రాకపోతే?" అంది చిన్నది, కారులో ఎక్కుతూ.

రాకపోతే పాయసం అక్కడే తిందామన్నాను.