మామ వెతికిన ఎల్లమ్మ

మా పక్కగది మామ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున మా వరసగదుల చాల్‌లో నల్లా దగ్గర బిందె నిండుతుండగా గుండె పట్టుకుని కూర్చున్నాడట. దవాఖానకు టాక్సీ చేరేసరికే అంతా అయిపోయింది. కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ముందురోజు ఆయన మరిచిపోయి వెళ్లిన కళ్లజోడు పెట్టె బల్ల మీదే ఉంది.

మామ అని పిలవడమే గాని మాకు చుట్టరికం లేదు. కామాటిపురలో మా రెండు గదుల మధ్య ఒక చెక్క గోడ, అంతే. మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. చొక్కా జేబులో మూడు పెన్నులు, ఎప్పుడూ తొందరగా నడిచే సన్నటి మనిషి. తాపీ మేస్త్రీ కొడుకు. ఫోరస్ రోడ్‌లో ఒక మేడ మీది చిన్న ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసేవాడు. డిగ్రీ అయి ఖాళీగా కూర్చున్న నన్ను లాక్కెళ్లి పక్కన కుర్చీ వేసి పని నేర్పాడు. ఇవాళ నేను తినే అన్నం ఆయన చలవే.

బడులకు, దుకాణాలకు, దవాఖానలకు స్క్రీన్లు రాసేవాళ్లం. గుమాస్తాలు పేర్లూ తేదీలూ కొట్టే స్క్రీన్లు. ప్రతి స్క్రీన్‌కూ అవే వరసలు మళ్లీ రాయడమంటే మామకు ఒళ్లుమంట. "ఒక్క పని మూడు తావుల రాస్తే గల్తీ గూడ మూడు తావుల ఉంటది బిడ్డా" అనేవాడు. తేదీ సరిచూసే ప్రోగ్రాం ముక్క, పేరు తీసుకునే ముక్క, చెరిపేముందు అడిగే ముక్క విడివిడిగా రాసిపెట్టుకుని, ఏ స్క్రీన్‌కు ఏది కావాలో అది తెచ్చి కలిపేవాడు. నాకు అర్థంకాక మొహం వేలాడేసుకుంటే వాళ్ల నాన్న పని గుర్తుచేశాడు.

"స్లాబు పోసే సెంట్రింగ్ చెక్కలు ప్రతి బిల్డింగుకు కొత్తయి తెస్తరా? అవే చెక్కలు. కొలత మాత్రం ఆ ఇంటోడు చెప్పాలె. ఏ ఇంటి పనికి వొయిందో చెక్కకెందుకు?"

తిట్టడం ఆయనకు చేతకాదు. టీ మాత్రం సాసర్‌లో పోసుకుని జుర్రుమని చప్పుడు చేస్తూ తాగేవాడు. దానికి నేనే కసురుకునేదాన్ని.

మూడేళ్ల కిందట ఒక బడివాళ్లు, పుట్టిన తేదీ ఖాళీగా వదిలితే స్క్రీన్ ముందుకు కదలకూడదన్నారు. ఆ షరతు వాళ్ల స్క్రీన్‌లో రాయాలి. నేను బద్ధకించి, అన్నిటికీ కలిసే తేదీ ముక్కలో రాసిపారేశాను. పుట్టిన తేదీ లేనివాళ్లు ఎవరుంటారులే అనుకున్నాను. ఆ ముక్క ఫ్లాపీలెక్కి అన్నిచోట్లకూ పోయింది, మా గల్లీ చివరనున్న ధర్మ దవాఖానకు కూడా.

అక్కడికి ఎక్కువగా వచ్చేది మహబూబ్‌నగర్ నుంచి వలసొచ్చిన కూలీలు. ఎల్లమ్మ అనే ఆమె నెలరోజులుగా దగ్గుతూ మందు కోసం వచ్చింది. కంప్యూటర్‌లో పేరు ఎక్కితేనే మందు. పుట్టిన తేదీ అడిగితే "ఎరుక లేదు సారూ" అందట. స్క్రీన్ కదల్లేదు. మెషీన్ ఒప్పుకోవడం లేదని గుమాస్తా పంపేశాడు. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాడు. మూడో రోజు రాలేదు.

సంగతి తెలిసి మామ నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు బయల్దేరాడు. దారిలో ఒక్కటే అడిగాడు.

"మీ అమ్మ ఎప్పుడు పుట్టిందో తారీకు చెప్పు బిడ్డా."

నాకు తెలియదు. మా అమ్మకూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడి డాక్టరమ్మ నిలదీస్తే మామ "గల్తీ నాది" అన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆయన అక్కడే కూర్చుని ముక్కను సరిచేశాడు. తేదీ ఖాళీగా ఉండొచ్చా అని ఇకమీదట ఆ ముక్క ఏ స్క్రీన్‌లో ఉంటే ఆ స్క్రీన్‌నే అడుగుతుంది. పది నిమిషాల పని. ఎల్లమ్మ మాత్రం దొరకలేదు. ఎక్కడ పనిచేస్తుందో ఎవరూ రాసుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మామ బిల్డింగు పనుల చుట్టూ తిరిగాడు. ప్రతిచోటా ఒక ఎల్లమ్మ ఉండేది, ఆమె కాదు. "ఊరికి పోయుంటది, బాగైతది మామా" అని నేనంటే తల ఊపేవాడు. మళ్లీ ఆదివారం చెప్పులు తొడుక్కునేవాడు. నేను ఒక్కసారి కూడా వెంట వెళ్లలేదు. ఇది చెప్పకుండా ఆయన మంచితనం గురించి ఎంత రాసినా అబద్ధమే అవుతుంది.

నిన్న ఆదివారం నేను వెళ్లాను. నాగ్‌పాడా అవతల ఒక బిల్డింగు లేస్తోంది. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ముసలామెను, దగ్గుతో బాధపడిన ఎల్లమ్మ ఎవరైనా తెలుసా అని అడిగాను.

"ఒక పెద్దమనిషి గూడ గిట్లనే అడుగుతుండె. ఇయ్యాల రాలే?"

"పోయిండమ్మా."

ఆమె నెత్తి మీది తట్టను ఒక చేత్తో సర్దుకుంది. తర్వాత అడిగింది.

"ఆ ఎల్లమ్మ మీకేమైతది?"

"మందుకొస్తే ఎనక్కి పంపినం. ఆ పెద్దమనిషి గాదు, నేనే."

ఆమె తట్ట దించలేదు. తడి ఇసుకలోంచి నీళ్లు చెంపల మీదికి కారుతుంటే తుడుచుకోకుండా, నా వైపే చూస్తూ నిలబడింది.