చేటెడు తవుడుకు అమ్ముడుపోయిన నానమ్మ కోసం దుమ్ముగూడెం దాకా

నిరుడు మా నానమ్మ ఆఖరి తమ్ముడు పోయాడు. దినకర్మలకు వెళ్ళి సత్తుపల్లి తిరిగొచ్చిన నానమ్మ అరుగు మీద కూలబడి, "ఇక నాకు పుట్టిల్లు లేదే అమ్మాయ్" అంది. ఎనభైకి దగ్గరపడిన మనిషికి ఇంకా పుట్టిల్లేమిటని మా మగవాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఆ రోజు నుంచి నానమ్మ అన్నం దగ్గర మెతుకులు కెలికి లేచిపోవడం మొదలుపెట్టింది.

నేను ఖమ్మంలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. నాకు ఆరాలు ఎక్కువ. బస్సులో పక్కావిడ సంచిలో ఏముందో తెలిసేదాకా నిద్రపట్టదు. నానమ్మకు కాలక్షేపంగా ఉంటుందని ఫోన్లో వంశవృక్షం తయారుచేసే యాప్ ఒకటి దించుకున్నాను. ఆదివారాలు సత్తుపల్లికి వీడియో కాల్ చేసి పేర్లు అడగడం, నింపడం. ఒక ఆదివారం తల్లి పేరు అడిగితే, "ఏ అమ్మ పేరు చెప్పనే? నాకు ఇద్దరు కదా!" అంది. టీ గ్లాసు పక్కన పెట్టి సంగతంతా అడిగాను.

సంగతేమిటంటే, నానమ్మకంటే ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ పురిట్లోనే పోయారట. అప్పట్లో మా ముత్తాత కోస్తా నుంచి వచ్చి దుమ్ముగూడెం పైన గోదావరి ఒడ్డున పొగాకు పండించేవాడు. ఈ పిల్లయినా దక్కాలని, పుట్టిన వెంటనే చేటెడు తవుడు తీసుకుని ఒక పడవవాళ్ళ ఇల్లాలికి అమ్మేశారు. ఆవిడ పేరు నరసమ్మ. పరాయివాళ్ళ బిడ్డయితే మృత్యువు కన్ను పడదని నమ్మకం. కొన్నావిడ పసిదాన్ని మళ్ళీ కన్నతల్లి ఒళ్ళోనే పెట్టి, "నా బిడ్డను సాకి పెట్టు" అంటుందన్నమాట. నానమ్మ పేరు తవిటమ్మ కావడానికి కారణం అదే. తర్వాత గోదావరి పొంగి పొలం, పాక కొట్టుకుపోతే కట్టుబట్టలతో సత్తుపల్లి చేరారు. మళ్ళీ అటు వెళ్ళింది లేదు.

ఈ కథను యాప్‌లో ఎక్కడ పెట్టాలి? సొంత తల్లి, సవతి తల్లి, దత్తత తల్లి అన్న గడులున్నాయి తప్ప తవుడు తల్లికి గడి లేదు. ఆ చెట్టు మా ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. దత్తత అని నొక్కానో లేదో మా పెదనాన్న ఫోన్. "మా అమ్మను దత్తతంటావా? రేపు పొలం కాగితాల కాడ ఎవడన్నా మెలిక పెడితే నువ్వొస్తావా?" అని ఇంతెత్తున లేచాడు. సరే బాబూ అని ఆ గడి ఖాళీగా వదిలేసి, గోదావరి పక్క ఊళ్ళవాళ్ళు పాత ఫొటోలు పెట్టుకునే ఆన్‌లైన్ గ్రూపులో నానమ్మ ఫొటో, నాలుగు వాక్యాల కథ పెట్టాను. దండం పెట్టే చేతుల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి, సమాచారం మాత్రం సున్నా.

ఆశ వదులుకున్నాక ఒక నర్సు నుంచి మెసేజ్ వచ్చింది. పేరు రూతు, భద్రాచలంలో ఉద్యోగం. "అక్కా, మా నాయినమ్మ ఇంట్ల రోజూ ప్రార్థనల అందరి పేర్లు చెప్పి, చివరికి తవిటమ్మను కూడ కాపాడు ప్రభువా అంటది. ఎవలని అడిగితే మనామే అంటది, ఇంకేం చెప్పది. మా సంఘంల సచ్చిపోయినోళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. అంటే ఆమె బతికున్నట్టే గద?" అని రాసింది. ఈ పేరు మా ఖమ్మం వైపు అరుదు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ నానమ్మకు చెప్పలేదు. తీరా వాళ్ళు వీళ్ళు కాదని తేలితే ఆ ముసలి ప్రాణానికి రెండోసారి పుట్టిల్లు పోయినట్టవుతుంది.

మీరూ ఇటు రావాలనుకుంటే, ఖమ్మంలో తెల్లవారి ఆరింటి బస్సు ఎక్కండి. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడు గంటలు దాటుతుంది. కుడి ఎడమల అడవి మొదలయ్యాక కిటికీ దగ్గర సీటు దొరికితే అదృష్టం. నేను వెళ్ళిన రోజు భద్రాచలం వంతెన దాటుతుంటే బస్సులో సగం మంది గోదావరికి చేతులు జోడించారు, మిగతా సగం ఫోన్లు ఎత్తారు. నేను రెండూ చేశాను. డ్యూటీ దిగిన రూతు బస్టాండులో ఎదురొచ్చింది. పూరీ తిని బయటపడ్డాం. దుమ్ముగూడెం వైపు బస్సులు తక్కువ, షేరింగ్ ఆటోలే దిక్కు. మేము ఆగలేక ఆటో మాట్లాడుకున్నాం. ఆరు వందలన్నాడు డ్రైవరు, రూతు గదిమితే నాలుగు వందలకు దిగాడు.

"ఆఫీసు పనా అక్కా, సుట్టాల ఇంటికా?" అన్నాడు ఆటో నడుపుతూ.

"చుట్టాలో కాదో కనుక్కోవడానికే పోతున్నా తమ్ముడూ."

"గంతేనా! అన్నం పెట్టేటప్పుడు తెలుస్తది లే. సుట్టాలైతే అడగకుండనే ఇంకో గంటె ఏస్తరు" అన్నాడు. ఎడమ పక్క చెట్ల సందుల్లో గోదావరి కనిపిస్తూ, మాయమవుతూ మాతోపాటే వచ్చింది.

రూతు వాళ్ళ ఊరు దుమ్ముగూడెం దాటాక ఇంకాస్త పైకి. రేకుల ఇల్లు, గుమ్మం మీద చిన్న సిలువ, వాకిలంతా ఎండుమిరపకాయలు. వాటి మధ్య కూర్చుని తాలుకాయలు ఏరుతోంది రూతు నాయనమ్మ మరియమ్మ. ఘాటుకు నేను వరసగా తుమ్ముతుంటే, "ఎవలీమె? కారానికి అలవాటు లేనట్టుంది" అని నవ్వింది. వంశాల వేటలో నేను నేర్చుకున్నదొకటుంది. మన కథ ముందే చెప్పేస్తే పెద్దవాళ్ళు మర్యాదకు అవునవునంటారు. అందుకే ఏమీ చెప్పకుండా అడిగాను.

"తవిటమ్మ అంటే ఎవరమ్మా?"

"మా ఆడబిడ్డ."

"మీ ఆయన తోడబుట్టిందా?"

"పుట్టలే. కొన్నం" అంది మరియమ్మ, మిరపకాయ తొడిమ తుంచుతూ.

రూతు నోరు తెరిచింది. నేను తుమ్మడం కూడా మరిచిపోయాను. "ఎవరి దగ్గర కొన్నారు?" అన్నాను.

"పొగాకు నాయుడోళ్ళ దగ్గర. నేనప్పటికి ఈ ఇంటికి రాలే. మా అత్త నరసమ్మ చెప్పేది. చేటెడు తవుడు పోసి కొన్నదట. పిల్ల నడిచే ఏడు మళ్ళ తవుడు పోసి, కొత్త బట్టలు పెట్టి వాళ్ళు తిరిగి కొనుక్కోవాలె. గది పద్ధతి. గంతల గోదారొచ్చింది, ఎక్కడోళ్ళు అక్కడ చెదిరిపోయిండ్రు. వాళ్ళు కొనలే, మేం అమ్మలే. అమ్మని బిడ్డ మాదే గద? ప్రార్థనలకి వచ్చినంక గూడ మా అత్త ఆ పేరు ఇడవలే. పొయ్యేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, ఆడబిడ్డ పేరు మరువకు అన్నది."

నేను నా ఫోన్లో నానమ్మ ఫొటో తీసి ఆమె ముందు పెట్టాను. "ఈమేనమ్మా మీ తవిటమ్మ. నేను మనవరాలిని" అన్నాను. మరియమ్మ ఫొటోను అట్లాగే చూసింది. కళ్ళు నిండాయి. తుడుచుకోబోతుంటే రూతు చప్పున రెండు చేతులూ పట్టేసుకుంది. "నాయినమ్మా, కారం చేతులు!" అని కేకేసి, తన చున్నీతోనే తుడిచింది. నాకూ ఏడుపొచ్చింది. ఘాటు మీదికి నెట్టేశాను.

ఇంట్లో సిగ్నల్ లేదు. మరియమ్మను నడిపించుకుని ఏటి కట్ట మీదికి ఎక్కి సత్తుపల్లికి వీడియో కాల్ చేశాను. నానమ్మకు ఫోన్ పట్టుకోవడం రాదు, ఎప్పటిలాగే నుదురు, సీలింగు ఫ్యానూ కనిపించాయి. "నానమ్మా, నిన్ను కొన్న నరసమ్మ వాళ్ళ ఇంటికొచ్చాను" అన్నాను. మరియమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఆడబిడ్డా, నేను నరసమ్మ కోడల్ని. నీ వదినెను."

నానమ్మ గొంతు వచ్చింది. "నరసమ్మమ్మ ఉందా?"

"పోయింది. నీ అన్న గూడ పోయిండు. నేనున్న. మీవోళ్ళు నిన్ను మళ్ళ కొనుక్కోలే. ఇంక నువ్వు మా ఇంటి పిల్లవే. ఇన్నేండ్లు రోజూ దేవునికి నీ పేరు చెప్పుకుంటనే ఉన్నం."

అప్పుడు ఫోన్ కిందికి దిగి, మొదటిసారి నానమ్మ మొహం పూర్తిగా కనిపించింది.

"దేవుడికి చెప్పుకుంటే సరిపోతుందా వదినా? నా పెళ్ళికి చీరేది? మూడు పురుళ్ళు పోసుకున్నాను, ఒక్కదానికన్నా పుట్టింటి నుంచి మనిషొచ్చిందా? నిరుడు మా ఆఖరి తమ్ముడూ పోయాడు, ఏడవడానికి ఒక గడప ఉండొద్దా నాకు?" అని మొదలుపెట్టింది. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, గుక్క తిప్పుకోకుండా దులిపేసింది.

మరియమ్మ తక్కువ తిన్నదా? "ఓహో, నువ్వొచ్చినవా మరి? మీ అన్న మంచంల ఉన్నప్పుడు ఏడున్నవ్? కాళ్ళు లేవా నీకు? రా, వచ్చి అడుగు, మిర్చి ఏరుకుంట మాట్లాడుదం" అని ఎదురు తగులుకుంది. కట్ట మీద పశువులు తోలుకెళ్ళే ఆయన ఆగి, కొట్లాటేందని రూతును అడిగాడు. నేను నవ్వుతూనే ఏడ్చాను. మా నానమ్మ అలిగింది. అలగడానికి ఆమెకు ఒక ఇల్లు దొరికింది.

ఇంటర్నెట్లో వంశం వెతకడమంటే పేర్లు, గీతలు కలపడమే అనుకుని బయల్దేరినదాన్ని. రక్తం కలిసిన చోట గీత గీయడం ఎవరికైనా వస్తుంది. ముఖం కూడా చూడని ఆడపిల్ల పేరును ఒక ఇంటివాళ్ళు దేవుడు మారినా మానకుండా పలకడం, అది ఏ యాప్ వెతికితే దొరికేది కాదు. యాప్, ఆ ఫొటోల గ్రూపు చేసిందల్లా నన్నూ రూతునూ ఆ కట్ట మీదికి చేర్చడమే. అంత మాత్రానికే వాటికి నేను రుణపడి ఉంటాను. వచ్చే వారం నానమ్మను తీసుకుని మళ్ళీ వెళ్తున్నాం. బండి పెదనాన్నే మాట్లాడాడు.

ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సూచన. దుమ్ముగూడెం దాటాక సిగ్నల్ ఏటి కట్ట మీదే దొరుకుతుంది, కాబట్టి భద్రాచలంలోనే ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకోండి. నా ఫోన్ మధ్యలోనే ఆగిపోయింది, రూతు ఫోనూ ఆగిపోయింది, ఆ ఇద్దరి మాటలు మాత్రం ఇంకా నానమ్మ పెళ్ళి దగ్గరే ఉన్నాయి.