ఇవ్వని గదికి కప్పిన శాలువా

నేను నోరు విప్పితే ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. నోరు విప్పకుండా తప్పించుకోవడానికి తెలివి ఉపయోగించినప్పుడే ప్రళయం వస్తుంది. అలాంటి ప్రళయం ఒకటి ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో ప్రాణనష్టం లేదు. ఒక అమ్మాయి తలదాచుకునే చోటు, ముగ్గురు మనుషుల ఎనిమిది నెలల చాకిరీ, నా పరువు మాత్రం ఒకే శాలువాలో మూటగట్టుకుని పోయాయి. మీరు నవ్వండి, మొహమాటపడకండి. మొహమాటపడే పని మీ అందరి తరఫునా నేనే చేసేశాను.

కువైట్‌లో ఒక పళ్ళ ఆసుపత్రిలో ఫైళ్ళు సర్దే ఉద్యోగం నాది. అక్కడ నోరు తెరవాల్సింది రోగులే కాబట్టి నాకు బాగా సరిపోయింది. సాయంత్రం గదికి వచ్చి పుస్తకం చదువుకోవడం, డైరీ రాసుకోవడం. ఇంతే నా ప్రపంచం. అందులోంచి నన్ను చెవి పట్టి బయటికి లాగిన మనిషి శైలజక్క. హైదరాబాద్ ఆవిడ, ఎగైలాలో ఉంటుంది. ఆవిడ మాట్లాడితే ఎదుటివాళ్ళు కుర్చీ వెతుక్కుంటారు, ఎందుకంటే అది తొందరగా తేలే వ్యవహారం కాదు.

అక్క చేపట్టిన పని ఇది. ఇళ్ళలో పనికి వచ్చిన చిన్న వయసు ఆడపిల్లలు ఉంటారు. ఉన్న ఇల్లు మూతపడితే, మళ్ళీ పూచీ పడే ఇంకో యజమాని, అదే కఫీల్, దొరికి, ఇఖామా అనే నివాస అనుమతి మారేదాకా వాళ్ళు ఎక్కడ పడుకోవాలి? ఊళ్ళో బంధువులు లేరు. అద్దెకు గది ఎవరూ ఇవ్వరు. మా తెలుగు సంఘానికి మిర్కాబ్‌లో ఒక అంతస్తు ఉంది. ముందు సభ జరిగే హాలు, వెనక రెండు గదులు. సంఘం నియమావళిలో ఏడో నియమం ప్రకారం ఆ గదులు స్వదేశం నుంచి వచ్చే కళాకారులకు మాత్రమే. కళాకారులు ఏడాదికి రెండుసార్లు వస్తారు. వచ్చినా హోటల్లోనే దిగుతారు. మిగతా రోజులంతా ఆ గదుల్లో ప్లాస్టిక్ కుర్చీలు ఏసీ వేసుకుని హాయిగా కాపురం ఉంటాయి.

మేము అడిగింది ఒక్క వాక్యం. "నిలువ నీడ లేని పాతికేళ్ళలోపు ఆడపిల్లలకు రెండు వారాలు వసతి ఇవ్వవచ్చును" అని ఏడో నియమం కింద చేర్చండి, చాలు. ఈ ఒక్క వాక్యం కోసం శైలజక్క, నేను, అమ్ఘరాలో పనిచేసే ఓబులేసన్న కలిసి మూడు అర్జీలు పెట్టాం. మొదటిదానికి "చూద్దాం" అన్నారు. రెండోదానికి "చూస్తున్నాం" అన్నారు. మూడోది ఎక్కడుందో చూడాలన్నారు.

ఈలోగా రెడ్డెమ్మ వచ్చింది.

రాయచోటి వైపు పిల్ల, ఇరవై ఏళ్ళు. ఒక ముసలామెను కనిపెట్టుకుని ఉండేది. ఆమె పోయింది. కొడుకులు ఇంటికి తాళం వేస్తూ, "కొత్త ఇల్లు చూసుకో, కాగితాలు మార్చి ఇస్తాం" అని మర్యాదగానే చెప్పారు. మర్యాదగా వేసినా తాళం తాళమే కదా. మా గదిలో ఉండే మలయాళీ నర్సు జెస్సీ సెలవు మీద ఊరెళ్ళి ఉండటంతో రెడ్డెమ్మను ఆమె మంచం మీద పడుకోబెట్టాను. జెస్సీ శనివారం తిరిగి వస్తుంది. సంఘం సర్వసభ్య సమావేశం శుక్రవారం. ఆ ఒక్కరోజులో వాక్యం చేరాలి, గది తెరవాలి.

"ఈసారి అర్జీ నువ్వే సదువాలె," అంది శైలజక్క.

"నేనా? మీరుండగా నేనెందుకక్కా?"

"నేను లేస్తే సగం మంది చాయ్‌కి పోతరు. నిన్ను జూస్తే జాలిపడి ఉంటరు. ఐదు నిమిషాలు, గంతే."

ఐదు నిమిషాలు! మైకు చూస్తే నాకు డాక్టర్ గారి చేతిలో పళ్ళు తొలిచే యంత్రం గుర్తొస్తుంది. అన్నం సహించలేదు. డైరీలో "భగవంతుడా" అని మాత్రమే రాసుకున్న రోజులు రెండు. మూడో రోజు నాకొక ఆలోచన వచ్చింది. ఈ దేశంలో ఆలోచన రాకుండా కాపాడే టీకా ఏదైనా ఉంటే అప్పుడే వేయించుకోవాల్సింది.

మా సంఘం సభల్లో ఎవరూ ఏమీ వినరు. సన్మానం జరుగుతున్నప్పుడు మాత్రం చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, ఎందుకంటే తర్వాత వంతు తమదేనేమోనని ప్రతి ఒక్కరికీ ఆశ. కాబట్టి అధ్యక్షులవారికే సన్మానం చేద్దాం. గదులు ఆయన అప్పుడే ఇచ్చేసినట్టు సన్మానపత్రం రాద్దాం. శాలువా కప్పుకున్న మనిషి, నలుగురి ముందు చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఆ తర్వాత "ఇవ్వను" అనగలడా? సిగ్గుతోనైనా ఇస్తాడు! నేను మైకు పట్టుకోనక్కర్లేదు, సన్మానపత్రం చదవడానికి వ్యాఖ్యాత ఉంటాడు.

"ముందు చిన్న సన్మానం పెడదామక్కా, మనసు మెత్తబడుతుంది," అన్నాను శైలజక్కతో.

"మంచిగుంది. రాయి," అంది. చూపించమని అడగలేదు. నేనూ చూపించలేదు.

రాశాను. చిన్నప్పటి నుంచి చదివిన పుస్తకాల్లోని సమాసాలన్నీ ఒక్క కాగితం మీదికి వలస వచ్చాయి. "నిరాశ్రయ యువతీ ఆశ్రయ కల్పవృక్షమా! మీరు తెరిచిన ఆ రెండు గదుల తలుపులు మా హృదయ ద్వారాలు. నేడు మన ఆడబిడ్డలలో నిలువ నీడ లేనివారు లేరనిన అది మీ చలువయే!" కింద నా సంతకం. అద్దం, బంగారు రంగు చట్రం. చట్రం చూసి రెడ్డెమ్మ, "అక్కా, ఇంత పెద్దదా! ఇంట్లో దేవునికి గూడా ఇట్లాంటిది లేదే," అంది.

శుక్రవారం సభ. శైలజక్క గుమ్మం బయట నిలబడి వచ్చేవాళ్ళకు అర్జీ ప్రతులు పంచుతోంది. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని చదివాడు. "కల్పవృక్షమా" దగ్గర ఒకసారి, "హృదయ ద్వారాలు" దగ్గర ఇంకోసారి చప్పట్లు. గోదావరి వైపు నుంచి వచ్చిన మా అధ్యక్షులు గారు మొదట ఆశ్చర్యపోయారు. పక్కనున్న కార్యదర్శి చెవిలో ఆయన అన్న మాట మైకులోంచి అందరికీ వినిపించింది.

"ఏవండీ, ఇది మనం ఎప్పుడు చేశామండీ?"

"చేసే ఉంటామండీ. లేకపోతే అద్దం కట్టించి మరీ ఎందుకిస్తారు?"

ఆయన నమ్మేశారు. కళ్ళు తుడుచుకున్నారు. పూలగుత్తి రెడ్డెమ్మ చేత ఇప్పించాలన్నది కూడా నా ఏర్పాటే. ఆమెను చూస్తే మనసు ఇంకా కరుగుతుందని లెండి. ఆయన ఆమె తల నిమిరి అడిగారు.

"ఏమ్మా, బాగున్నావా? ఇబ్బందేం లేదు కదా?"

పెద్దమనిషి అడిగితే లేదనడం మా రెడ్డెమ్మ నేర్చుకున్న మర్యాద. "బాగుండా సార్, ఇబ్బందేం ల్యా," అంది. ఫొటోలు టపటపా పడ్డాయి.

అర్జీ చదవడానికి నేను లేవకపోయేసరికి, అప్పుడే లోపలికి వచ్చిన శైలజక్క తనే మొదలుపెట్టింది. రెండో వాక్యం పూర్తి కాకముందే కార్యదర్శి చెయ్యెత్తాడు.

"అమ్మా, ఇందాకే కదండీ చదివారు, సమస్య తీరిపోయిందని? తీరిపోయినదానికి మళ్ళీ తీర్మానం ఏవిటండీ?"

"ఎవరు జెప్పిన్రు తీరిందని?"

"ఇదిగోనండీ, మీవాళ్ళే. సంతకం కూడా ఉంది."

శైలజక్క నా వైపు చూసింది. ఆ చూపుకు మత్తు సూది లేకుండా నాలుగు పళ్ళు పీకొచ్చు.

"ఏందే ఇది?"

"సిగ్గుపడి ఇస్తారనుకున్నానక్కా..."

"సిగ్గా? సిగ్గంతా నీ దగ్గర్నే ఉంది గద! వాళ్ళకు యాడికెళ్ళి వస్తది?"

"లేచి చెప్పరాదా పాపా, ఇంకా గది ఇయ్యలేదని!" అన్నాడు వెనక నుంచి ఓబులేసన్న.

లేచాను. ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు వందల తలలు నా వైపు తిరిగాయి. చెప్పాల్సింది మూడు మాటలు: గది ఇంకా ఇవ్వలేదు. నేను చెప్పింది రెండు: "అందరికీ ధన్యవాదాలు." మళ్ళీ చప్పట్లు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వాళ్ళు నయం, పేరు పెట్టి ఊరుకున్నారు. నేను ఆ సోమలింగానికి బారసాల చేసి, అందరికీ భోజనాలు పెట్టి, ఫొటో తీయించాను. సభ మినిట్స్‌లో "వసతి విషయం: పరిష్కృతము" అని రాసుకుని పుస్తకం మూసేశారు.

కథ ఇక్కడితో ఆగితే నాకు కొంత గౌరవం మిగిలేది. ఆ ఫొటో "సంఘం నీడలో ఆశ్రయం పొందిన యువతి" అనే మాటలతో వాట్సాప్‌లో కువైట్ అంతా తిరిగింది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు.

"అక్కా, మీ సంగంలో ఆడపిల్లోల్లకు రూములిస్తాండారంట గదా?"

"లేదమ్మా, ఇంకా ఇవ్వలేదు."

"ఫొటోలో ఉండాది గదక్కా!"

ఒకమ్మాయి ఫోన్ కూడా చేయకుండా పెట్టెతో నేరుగా మిర్కాబ్ వచ్చేసి, తాళం వేసిన గది ముందు మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నన్ను చూడగానే లేచి నిలబడి నవ్వింది. ఆ నవ్వు గురించి డైరీలో రాయాలని ఇప్పటికి నాలుగుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆమెను శైలజక్క ఎగైలా తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఆ పెట్టె అక్కే మోసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. అక్క తిట్టినా బాగుండేది.

సభ మర్నాడు, శనివారమే, జెస్సీ వచ్చి తన మంచం తను తీసుకుంది. నా మంచం రెడ్డెమ్మకు ఇచ్చాను. నేను బీరువాకీ తలుపుకీ మధ్య నేల మీదికి దిగాను. ఎవరు తలుపు తీసినా ముందు నా తలకు తెలుస్తుంది.

మేము మళ్ళీ అర్జీ పెట్టాం. "పరిష్కరించిన విషయాలు తిరగదోడటం సంప్రదాయం కాదు" అని జవాబు వచ్చింది. దాంతోపాటు ఒక ఆహ్వానం. తర్వాతి సభలో నన్ను వేదిక మీదికి పిలిచి, నిరాశ్రయ యువతుల సమస్యను శాశ్వతంగా పరిష్కరించిన యువ సేవకురాలిగా సన్మానించారు. కాదనడానికి నోరు తెరవాలి. తెరవలేదు. శాలువాతో దిగివచ్చాను. ఏసీ చల్లదనానికి నేల మీద ఇప్పుడు దాన్నే కప్పుకుంటున్నాను.

"వెచ్చగా ఉండాదా అక్కా?" అని అడుగుతుంది రెడ్డెమ్మ మంచం మీద నుంచి, పాపం, నిజంగానే.

చివరికి ఒక రోజు స్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, డైరీలో ఈ ప్రమాణపత్రం రాశాను: "తాళంచెవి చేతిలో పడి, తలుపు తెరుచుకుని, లోపల మంచం మీద మనిషి పడుకుని గురక పెట్టేవరకు, ఏ కల్పవృక్షానికీ, ఏ కామధేనువుకీ శాలువా కప్పనని, పత్రం రాయనని, చివరికి థ్యాంక్స్ కూడా చెప్పనని ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను." సంతకం చేశాను. ప్రమాణానికి సాక్షి ఉంటే బలమని, కింద సాక్షి పేరు, చిరునామా అని రెండు గీతలు గీసి రెడ్డెమ్మకు ఇచ్చాను.

పేరు రాసి ఆగిపోయింది.

"అక్కా, ఈడ చిరునామా అని ఉండాది. ఏం రాయల్ల?"

రెడ్డెమ్మ కాసేపు పెన్ను కొరికి, తనే తల ఊపి, వంకర అక్షరాలతో మా సంఘం చిరునామా రాసింది.

"నువ్వు రాసిన అద్దం ప్రకారం నేను ఆడనే గదక్కా ఉండేది!"