నోరు మూసుకున్న తరగతి

ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. వినండి.

తెలుగువాళ్లందరికీ కలిపి ఒకే రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ రోజులు. కరీంనగర్‌లో పంతుళ్ల ట్రైనింగ్ చదువుతున్న నన్నూ, రాజేశాన్నీ ఖానాపూర్ దగ్గరి ఒక ఊరి బడికి పంపారు, పాఠాలు చెప్పి పని నేర్చుకోమని. కాలేజీలో చదివిందంతా ఒకెత్తు, పిల్లల ముందు నిలబడ్డ ఆ వారాలు ఒకెత్తు. నాకు చదువు చెప్పడం రాదని అక్కడే తెలిసింది. రాజేశానికి వచ్చు. వాడు అడుగుపెడితే పిల్లలు చుట్టూ మూగేవారు. నేను పెడితే నా బెత్తం వంక చూసేవారు. కడుపు మండిపోయేది.

ఆ బడిలో ఒకటే ఖాళీ. ఇన్‌స్పెక్టరు మా ఇద్దరి పాఠాలూ చూసి ఒకరిని తీసుకుంటాడు. ఆ ఉద్యోగం రాకపోతే నాకు పొలముంది. రాజేశం మాత్రం వాళ్ల బాపు పక్కన నేతపనికి మగ్గం గుంటలోకి దిగాల్సిందే. ఇది తెలిసే చేశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున వాడికంటే ముందు వెళ్లి పిల్లలను కూర్చోబెట్టాను. "ఇయ్యాల మీ రాజేశం సారు పాసైతే యాడికో దూరమూరికి తోలుతరు. మీరు జవాబు చెప్పకుంటె ఈడ్నే ఉంటడు" అన్నాను.

ఒక్కరూ నోరు విప్పలేదు. వాడు అడిగాడు, నవ్వించబోయాడు, చివరికి బతిమాలాడు. ముందు వరుసలో లచ్చవ్వ అనే చిన్నపిల్ల, జవాబు తెలిసి కూడా, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఇన్‌స్పెక్టరు లేచి వెళ్లిపోయాడు. నిజం చెప్పనా? నాకు నవ్వొచ్చింది. ఛీ, ఏం మనిషిని? వాడంటే ప్రాణం పెట్టే పిల్లల చేతే వాడి గొంతు కోయించి, గోడకానుకుని నవ్వు ఆపుకుంటూ నిలబడ్డవాడికి ఆ క్షణాన కాస్తయినా జాలి ఎందుకు కలగలేదు?

"నేనేం తక్కువ జేసిన్రా గీ పోరగాండ్లకు?" అన్నాడు రాజేశం బస్సెక్కుతూ. భుజం తట్టి పంపాను.

నెల తిరిగేసరికి ఆ కుర్చీ నాదైంది. మొదటిరోజే లచ్చవ్వ దగ్గరికొచ్చింది.

"సార్, మేం నోరు తెరువలే గద. రాజేశం సారు ఏడి?"

తెలియదు అనొచ్చు. ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల మళ్లీ అడగకుండా ఉండాలి నాకు.

"నువ్వు ఏడ్సినవ్ గద. గది జూసే పోయిండు" అన్నాను.

నమ్మింది. ఆ తర్వాత నా తరగతిలో ఆ పిల్ల ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. రాజేశం సంగతి తాగినప్పుడు ఒకరిద్దరి దగ్గర వాగాను. లచ్చవ్వతో అన్న ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను. క్షమించమని అడగను. అంతే, చెప్పాను.