మా ఆవిడ ఎంచిన క్వార్టర్‌బ్యాక్

మా ఆవిడ విజయలక్ష్మికి ఫుట్‌బాల్ పిచ్చి. ఆ మాట పైకి అంటే ఊరుకోదు కాబట్టి అభిమానం అంటాను. ఆక్లాండ్‌లోని ఆల్బనీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేస్తుంది. వారమంతా ఇతరుల తప్పులు వెతకడానికి జీతం తీసుకుని, శనివారాలు అదే పని మైదానం గట్టున ఉచితంగా చేస్తుంది. ఆదివారం నా వంతు.

ఇది ఇక్కడి కివీలు ప్రాణం పెట్టే రగ్బీ కాదు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో దెబ్బలు తగలని రకం. మనిషిని పడగొట్టరు, నడుముకు వేలాడే గుడ్డ పీలికను లాగేస్తారు, అంతే. ఆడా మగా కలిసి ఆడతారు. క్వార్టర్‌బ్యాక్ అంటే వెనక నిలబడి, బాల్ ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకునే మనిషి. ఆ ఒక్కరూ తడబడితే జట్టంతా తడబడుతుంది.

మా జట్టు ఆల్బనీ ఫాన్‌టెయిల్స్. మా అబ్బాయి శ్రవణ్ అందులోనే చిన్నవాళ్ళ జట్టులో ఆడుతూ పెరిగాడు. పెద్ద జట్టులోకి రావాలంటే మాత్రం డ్రాఫ్ట్‌లో ఎవరో ఒకరు ఎంచుకోవాలి. ఏటా ఆక్లాండ్ క్లబ్బులన్నీ ఒకచోట కూర్చుని, వంతులవారీగా ఒక్కో ఆటగాణ్ణి పిలుచుకుంటాయి. మా క్లబ్బులో మొదటి వంతుకి ఎవర్ని పిలవాలో అభిమానుల తరఫు మనిషి చెప్పాలి. ఎంత వానొచ్చినా గొడుగేసుకుని ఒక్క ఆటా మానకుండా వచ్చింది మా ఆవిడే కనుక ఆ పెద్దరికం ఆమెకే దక్కింది.

ఈ ఏడు పాత క్వార్టర్‌బ్యాక్ ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. శ్రవణ్‌కి పదిహేనో ఏటి నుంచీ ఆ చోటు మీదే కన్ను. చెయ్యి పొడుగు, విసిరితే బాల్ మైదానం అవతల పడుతుంది. ఎంచేది కన్నతల్లి. ఇంకేముంది, మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఉన్న తెలుగువాళ్ళందరికీ నేను ముందే చెప్పేశాను. ప్రొద్దుటూరు పెద్దాయన సుబ్బయ్య గారు నా వీపు తట్టి, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మీ వాడికి తల్లే వడ్డిస్తా ఉంటే బెంగెందుకయ్యా, జనార్ధనరావూ!" అన్నారు.

ఎంపిక ఆటలైన రోజు అభిమానులకు భోజనం ఉంటుంది. గడ్డి మీద పట్టాలు పరిచి, అందర్నీ వరసగా కూర్చోబెట్టి, క్వార్టర్‌బ్యాక్ కావాలనుకునేవాళ్ళ చేత వడ్డింపిస్తారు. ఈ ఆచారం పెట్టింది మా ఆవిడే. కెప్టెన్ మొదట నవ్వాడు, పులిహోర తిన్నాక ఒప్పుకున్నాడు. తెనాలిలో మా మామగారు పెళ్ళిళ్ళలో బంతుల వెనక తిరుగుతూ "అందరికీ అందిందా?" అని అడిగేవారట. ఈవిడ ఆయన వెనకే తిరిగి పెరిగింది. అందుకే ఈవిడ లెక్కలో క్వార్టర్‌బ్యాక్ విసిరేవాడు కాదు, వడ్డించేవాడు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పింది.

"మనవాణ్ణి కాదండీ. మెరె పేరు చెప్తాను."

మెరె ఈ దేశపు మూలవాసులైన మావోరీల అమ్మాయి. పొట్టి మనిషి, పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ఆమె విసురు శ్రవణ్ విసురులో సగం దూరం పోదు. నాకు ఒళ్ళు మండింది.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నీకు మాత్రం ఎందుకు కాలేదే?"

"ముద్దేనండీ. కానీ బాల్ చేతికొస్తే చాలు, వీడి కళ్ళు జట్టులో ఫ్రెండు అభినయ్ మీదే. ఇవాళ పులిహోర కూడా అభినయ్‌కి రెండుసార్లు పెట్టాడు, సుబ్బయ్య గారి ప్లేటు ఖాళీ. ఆ పిల్ల గరిటె ఎత్తే ముందే వరస చివరి దాకా చూసింది. ఆటలోనూ అంతే."

శ్రవణ్ గుమ్మంలోనే ఉన్నాడు. వాడికి తెలుగు మాట్లాడటం కష్టం గానీ అర్థం కావడం కాదు.

"మమ్, అది రైస్! ఫుట్‌బాల్ కాదు!"

"రెండూ చూశాను నాన్నా. నీకు అందుకోవడం బాగా వచ్చు. పంచడం ఇంకా రాలేదు. వచ్చిన రోజు నేనే నీ పేరు చెప్తా."

వాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ పూట ఈవిడకి అన్నం సహించలేదు. అయినా మాట మార్చుకోలేదు.

డ్రాఫ్ట్‌లో మెరె పేరే చెప్పింది. మిగతా క్లబ్బులకు వాళ్ళ క్వార్టర్‌బ్యాకులు ఉన్నారు, శ్రవణ్‌ని ఎవరూ పిలవలేదు. రెండో వంతులో మా కెప్టెనే వాణ్ణి బాల్ అందుకునేవాడిగా తీసుకున్నాడు. వాడు ఒప్పుకున్నాడు గానీ తల్లితో మాట మానేశాడు. తిన్నావా అంటే ఊఁ, వస్తావా అంటే ఊఁ. పైగా మనవాళ్ళ దెప్పిపొడుపులు. "కన్నతల్లే కాదనుకుంది పాపం" అని మాల్‌లో నా చెవిన పడేటట్టే అన్నారు. ఆ పిల్ల గనక ఓడిపోతే వీడు ఈ జన్మలో తల్లిని క్షమించడని నాకు భయం పట్టుకుంది.

మొదటి ఆటనాడు ఆల్బనీలో గాలీ వానా. చివరి విసురు మిగిలింది, మేము వెనకబడి ఉన్నాం. అభినయ్‌ని ఇద్దరు చుట్టేశారు. శ్రవణ్ ఎక్కడో అవతలి మూల చెయ్యెత్తి ఒంటరిగా పరిగెడుతున్నాడు. మెరె అభినయ్‌ని చూసింది, విసరలేదు. ఇంకా అవతలకి చూసింది. అప్పుడు విసిరింది. ఆమె చేతికి అంతకు మించి దూరం లేదు. బాల్ నేల తాకబోతుండగా మావాడు ముందుకు దూకి ఒడిసిపట్టి గీత దాటాడు.

గెలిచాం! నా అరుపులకి గొంతు పోయింది, గొడుగు గాలికి ఎటో పోయింది. ఈవిడ మాత్రం అరవలేదు.

"ఆ మూల దాకా చూసిందండీ," అంది. కళ్ళ నిండా నీళ్ళు.

భోజనాలకి షెడ్డు కింద కూర్చున్నాం. ఎప్పటిలాగే ఈవిడ వరసలో అందరికంటే చివర. మెరె పులిహోర గిన్నె ఎత్తగానే శ్రవణ్ వెళ్ళి తన చేతిలోకి తీసుకున్నాడు. అభినయ్ ప్లేటు చాపాడు. మావాడు ఆగలేదు. వరస చివరికి నడిచి, తల్లి ముందు వంగి, ఎన్నడూ లేనిది తెలుగులో అడిగాడు.

"అమ్మా, అందిందా?"

ఈ మనిషి నా భార్య అని ఆల్బనీ అంతా చాటింపు వేయాలనిపించింది నాకు. ఆమె ప్లేటులో పులిహోర అప్పటికే ఉంది, సుబ్బయ్య గారు ముందే గిన్నెలోంచి ఓ గరిటెడు తీసి పెట్టారు. దాన్ని చేత్తో ఓ పక్కకి జరిపి చోటు చేసింది.

"లేదు నాన్నా. పెట్టు."